మూడు తూటాల చలికాలం

మొన్న నాందేడ్‌లో మా అక్క మనవరాలి పెళ్లి అయింది. మర్నాడు మధ్యాహ్నం దావత్. దెగ్లూర్ రోడ్డు మీద ఊరు దాటాక కొత్తగా కట్టిన పెళ్లి హాలు, లోపల ఏసీలు, గోడ పొడుగునా వంటకాల బల్లలు. నా వయసు వాళ్లకి ఇలాంటి చోట నిలబడి తినడం పెద్ద శిక్ష. ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో చెంచా పట్టుకుంటే చేతికర్రకి మూడో చెయ్యి కావాలి. అందుకని నేనూ మా ఆవిడా ఒక మూల కుర్చీలు వెతుక్కుని కూర్చున్నాం. మా మేనకోడలు, అంటే పెళ్లికూతురి తల్లి, అంత హడావుడిలోనూ మమ్మల్ని మరిచిపోకుండా పళ్లేలు తనే కలిపి తెచ్చింది. నా పళ్లెంలో అన్నం పక్కన ఎర్రగా వేయించిన చిన్న పిట్టలు నాలుగు, కాళ్లు పైకి పెట్టుకుని పడుకుని ఉన్నాయి. "తిను మామా, బటేర్. ఫారంల పెంచినయి. నువ్వు, నాన్న గుట్టల మీదికి పోయి పిట్టలు కొట్టుకొచ్చేటోళ్లట గదా, అమ్మ ఎప్పుడూ చెప్పేది," అంది.

ఒక్క మనిషికి నాలుగు పిట్టలు. మా బావ బతికుంటే ఆ పళ్లేనికి దండం పెట్టి లేచిపోయేవాడు. నేను లేచిపోలేదు గానీ తినలేదు కూడా. పళ్లు బాగాలేవని చెప్పాను. మేనకోడలు నమ్మి వెళ్లిపోయింది. మా ఆవిడ నమ్మలేదు, ఎందుకంటే ఆ రోజు పొద్దున్నే నేను వేయించిన పల్లీలు గుప్పెడు నమిలిన సంగతి ఆవిడకి తెలుసు. అయినా తన పెరుగన్నం తాను కలుపుకుంది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు దెగ్లూర్‌లో పంచాయతి సమితి కచేరిలో గుమస్తా నౌకరి దొరికింది. అక్కని ఆ ఊళ్లోనే ఇచ్చారు. "తోడబుట్టినదాని ఇల్లుండంగ కిరాయికి ఉంటవా?" అని అక్క ఒక్క మాట అనేసరికి నేను ట్రంకుపెట్టెతో దిగిపోయాను. ముందు భాగం దుకాణం, వెనక భాగం ఇల్లు. బావది ఇనుప సామాన్ల దుకాణం. కొడవళ్లు, గొడ్డళ్లు, బొక్కెనలు, మోట తాళ్లు, మేకులు అమ్మేవాడు. రైతులతో మరాఠీ, బండివాళ్లతో దక్కనీ, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. ధర దగ్గర ఎవరైనా పేచీ పెడితే ఏ భాషా మాట్లాడేవాడు కాదు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మేకులు తూచేటప్పుడు ఎంత నిదానమో అన్నిటిలోనూ అంతే నిదానం. వారానికి ఒక్క పూట, ఆదివారం పొద్దున, ఆ మనిషిలో వేరే మనిషి లేచేవాడు. ఆ పూట తుపాకి తీసుకుని కౌజుపిట్టల వేటకి పోయేవాడు.

తుపాకి వాళ్ల నాన్నది. నిజాం నాటి లైసెన్సు మీద వచ్చిన డబల్‌బార్ బందూకు. దానితో పాటు ఒక కట్టుబాటు కూడా తండ్రి దగ్గర్నుంచే వచ్చింది. ఆ రాత్రికి ఇంట్లో ఎందరు తింటారో అన్ని తూటాలే గుట్టకి తీసుకుపోవాలి. ఒక్కటి ఎక్కువ పట్టుకుపోకూడదు. తూటాల డబ్బా ఇంటి ఆడమనిషి దగ్గర ఉంటుంది. ఆమె లెక్కపెట్టి ఇస్తుంది, ఈయన లెక్కపెట్టకుండా జేబులో వేసుకుంటాడు. గురి తప్పి ఒక పిట్ట తక్కువైతే కొట్టినవాడు ఆ రాత్రి పప్పుతో తినాలి. తూటాలు దొరకని రోజుల్లో పెద్దాయన పొదుపు కోసం పెట్టిన పద్ధతి అయ్యుంటుందని నా అనుమానం. కానీ బావ దాన్ని దేవుడి గదిలో చేసే పని లాగా పాటించేవాడు. నేను చేరకముందు ఇంట్లో ముగ్గురు, నేను చేరాక నలుగురం. అక్క, బావ, బావ వాళ్లమ్మ, నేను. నేను వచ్చిన మొదటి ఆదివారం అక్క నాలుగు తూటాలు బావ చేతిలో పెట్టి, "మా తమ్ముడు గూడ లెక్కల పడ్డడు," అంది. సర్కారు వారి నౌకరి హుకుం అందుకున్నప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ముఖేడ్ వైపు ఆరేడు మైళ్లు సైకిళ్ల మీద పోతే గుట్టలు మొదలవుతాయి. ఎవరికీ పనికిరాని గుట్టలు అవి. నల్లరాయి, దాని మీద పగిలిన రాయి, దాని మధ్య మోకాలెత్తు ఎండుగడ్డి, అక్కడక్కడ సీతాఫలం పొదలు, రేగుకంప. కార్తికం దాటితే చుక్క నీరు కనపడదు. ఎక్కుతుంటే కాలి కింది రాళ్లు జారి మనకన్నా ముందే కిందికి చేరుకుంటాయి. అలాంటి చోటే కౌజులకి ఇష్టం. పొద్దు పొడవకముందు ఒకటి ఇటు గుట్ట మీద గొంతెత్తితే అటు గుట్ట నుంచి ఇంకొకటి జవాబు చెబుతుంది. గొంతు వింటే కోడంత పిట్ట అనుకుంటాం. తీరా చూస్తే గుప్పెట్లో పడుతుంది. రంగు కూడా ఆ గడ్డి రంగే. కదిలితే తప్ప కంటికి ఆనదు.

ఈ పిట్టకి ఒక అలవాటుంది. మనిషి అలికిడి వింటే ముందు ఎగరదు, ఎత్తు వైపు పరుగు తీస్తుంది. కొన దాకా ఉరికి, పైన ఇంక గుట్ట లేదని తెలిశాక అప్పుడు రెక్కలు విప్పి లోయలోకి దూకుతుంది. కింది నుంచి తరుముతూ ఎక్కేవాడికి ఆయాసం తప్ప ఏమీ దక్కదు. అందుకని వేటకి ఇద్దరు కావాలి. ఒకడు మేకలు నడిచే దారిన వెనక నుంచి చుట్టి తిరిగి, చప్పుడు లేకుండా కొనకి చేరి కూర్చుంటాడు. రెండోవాడు కింద నుంచి కర్రతో రాళ్లు తడుతూ, దగ్గుతూ, తీరిగ్గా ఎక్కుతాడు. పైన బావ, కింద నేను. పిట్టలు నా ముందు ఉరికి, బావకి ఎదురుపడి, బుర్రుమని లేచి నా నెత్తి మీదుగా కిందికి పోయేవి. అంటే బావ తుపాకి ఎప్పుడూ నేనున్న వైపే తిరిగి ఉండేది. రెక్కల చప్పుడు వినగానే రాయి చాటున బోర్లా పడుకోవాలని నాకు చెప్పి పెట్టాడు. రెండు చలికాలాలు అలా బోర్లా పడుకున్నాను. ఒక్కసారైనా నా చేతికి తుపాకి ఇస్తాడేమోనని ఆశగా ఉండేది. అడగడానికి మొహం చెల్లలేదు.

బావ వాళ్లమ్మని నేను అత్తమ్మా అనేవాణ్ణి. ఆమెకి వేట అంటే భయం, కూర అంటే ప్రాణం. నోరులేని జీవాల ఉసురు ఊరికే పోదని ప్రతి ఆదివారం కొడుకు సైకిలెక్కేటప్పుడు గడపలో నిలబడి చెప్పేది. రాత్రికి తన వంతు పిట్టని ఎముకతో సహా నమిలేది. ఇదేం న్యాయమని నేనొకసారి ఎగతాళి చేస్తే, "పాపం కొట్టినోనిది బిడ్డా, తిన్నోళ్లకేం తగుల్తది?" అని నిదానంగా జవాబిచ్చింది. ఆ మాట అందరం నవ్వుతూ విన్నాం. కానీ ఆమె నవ్వుతూ అనలేదు. అక్కకి అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒకటి నాలుగో నెలలో పోయింది, ఇంకొకటి ఐదో నెలలో. రెండూ చలికాలాలే. అత్తమ్మ లెక్క ప్రకారం ఆ రెండూ తుపాకి ఖాతాలోవే. పైకి అనేది కాదు, కానీ పిట్టల ఉసురు గురించి మాట్లాడేటప్పుడు కోడలి నడుం వైపు చూసేది. అక్క ఆ చూపుని పట్టించుకోనట్టు రొట్టెలు కాల్చుకునేది. బావ మాత్రం పట్టించుకునేవాడు. ఆయన మెతక మనిషి.

మూడో చలికాలం మొదట్లో, ఒక ఆదివారం అక్క మూడే తూటాలు ఇచ్చింది.

బావ అలవాటుగా జేబులో వేసుకుని, సైకిలు దాకా వెళ్లి ఆగాడు. జేబు పైనుంచి చేత్తో తడిమి చూసుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అక్క అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. లెక్క అడగడం ఆ ఇంట్లో లేదు. కాబట్టి బయల్దేరాం. ఊరు దాటాక బావ అన్నాడు, "ఇయ్యాల మూడే ఇచ్చిందిరా మీ అక్క. ఎవలు తినరట?"

"నాకెట్ల ఎర్క బావా? అత్తమ్మ ఏమన్న ఉపాసం ఉన్నదా?"

"అమ్మనా? ఉపాసమా?" అన్నాడు.

నాకు మాత్రం వేరే అనుమానం వచ్చింది. రెండేళ్లుగా అక్క ఇంట్లో తింటున్నాను, ఇది వేరే గది చూసుకొమ్మనే సూచనేమో అనిపించింది. అక్క నోటితో చెప్పలేక తూటాలతో చెప్పిందనుకుని ఆరు మైళ్లూ లోపల్లోపల కుమిలిపోయాను, కొంచెం కోపం కూడా వచ్చింది. కచేరి దగ్గర ఏ వీధిలో గదులు ఖాళీగా ఉన్నాయో గుర్తు చేసుకుంటూ సైకిలు తొక్కాను.

ఆ పొద్దున పిట్టలు మంచిగా ఉరికాయి. నేను సగం గుట్ట ఎక్కేసరికి పైన ఒకేసారి ఏడెనిమిది లేచాయి. బోర్లా పడుకున్నాను. చప్పుడు లేదు. రెక్కలు నా మీదుగా కిందికి పోయాయి, తుపాకి మాత్రం పేలలేదు. తల ఎత్తి చూస్తే బావ కొన మీద రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, తుపాకి ఒళ్లో అడ్డంగా ఉంది. పడిపోయాడేమోనని భయపడి పాక్కుంటూ పైకి చేరాను.

"పోయిన రెండుసార్లు గూడ గిట్లనే ఉండెరా," అన్నాడు. "మొదటి నెలల్ల కూర వాసన పడకపోయేది దానికి."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నన్ను పొమ్మనలేదని తెలిసి ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాతే అక్క గురించి సంతోషించాను. ఈ వరస గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గే. బావ మూడు తూటాలూ తీసి చేతిలో పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఆయన మొహంలో సంతోషం లేదు, భయం ఉంది. ఇంక కొట్టనన్నాడు. ఖాళీ సంచితో దిగి వచ్చాం.

ఇంటికి వచ్చి బావ మూడు తూటాలూ అక్క ముందు పెట్టాడు. అక్క చూసింది. అత్తమ్మ కూడా చూసి, విషయం పట్టేసి, "మంచిపని చేసినవ్ బిడ్డా," అంటూ దేవుడి పటాల వైపు చేతులు జోడించింది. అప్పుడు అక్క కోపం చూశాను. నా జీవితంలో అంత కోపం మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. గొంతు పెంచలేదు, చేతిలో పిండి ముద్ద అలాగే ఉంది.

"మూడు ఇస్తి, మూడు వాపసు తెస్తివి. ముగ్గురు ఏం తినాలె, నా తలకాయనా?" అంది. తర్వాత అత్తమ్మ వైపు చూడకుండా, ఆమెకి వినపడేట్టు అంది, "నాకు వాసన పడలె, అంతే. నువ్వు ఇయ్యాల ఆపినవంటే, ముందుగల పోయిన ఇద్దర్ని నువ్వే చంపినట్టు ఒప్పుకున్నట్టే గదా? నేను ఒప్పుకోను. పిట్టలు పిట్టలే, పిల్లలు పిల్లలే. వచ్చే ఐతారం పోవాలె. నువ్వు పోకుంటే బందూకు వట్టుకొని నేనే పోత."

అత్తమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అందరం పప్పుతో తిన్నాం. అక్క పట్టుదల వెనక ఏముందో నాకు ఆ వయసులో పూర్తిగా తెలియలేదు. పోయిన రెండు కడుపుల బాధకి తోడు, వాటికి ఒక నేరం కూడా అంటగట్టి ఇంట్లో పెట్టుకుంటే దానితో కలిసి బతకడం ఆమె వల్ల కాదు. అది బావ నేరమైనా సరే, ఆమెకి అక్కర్లేదు. ఇది నాకు పెళ్లయి, నా సంసారంలో నాకూ కొన్ని సంగతులు తెలిశాక అర్థమైంది.

మరుసటి ఆదివారం అక్క మూడు తూటాలు ఇచ్చింది. బావ తీసుకున్నాడు. గుట్ట కింద సైకిళ్లు పొదలో దాచాక తుపాకి నా చేతికి ఇచ్చాడు.

"నువ్వు పైకి పో. ఇయ్యాల నేను కింది నుంచి అస్త."

"నేనా? నాకు కొట్టుడు రాదు గదా బావా."

"అస్తది. పిట్ట ముందట ఒక మూరెడు చూసి నొక్కు." నా మొహం చూడకుండా అన్నాడు, "నీకింకా పెండ్లే గాలె బామ్మర్దీ. నీకేం తగుల్తది?"

ఆ మాటలో ఏముందో నేను ఆలోచించలేదు. ఇక్కడ నిజం చెప్పాలి. నేను బలవంతం మీద ఒప్పుకోలేదు, మొహమాటం మీదా ఒప్పుకోలేదు. రెండేళ్లుగా కోరుకున్న తుపాకి చేతికి వచ్చింది, ఎగిరి గంతేశాను. లైసెన్సు బావ పేరు మీద ఉందనీ, నేను సర్కారు నౌకరిలో ఉన్నాననీ కూడా గుర్తు రాలేదు. వెనక దారిన కొనకి చేరి, బావ కూర్చునే రాయి మీదే కూర్చున్నాను. కింద ఎక్కడో కర్రతో రాళ్లు తడుతున్న చప్పుడు, బావ దగ్గు వినపడుతున్నాయి. గడ్డిలో చిన్న చిన్న తలలు ఎత్తుకుని పిట్టలు నా వైపే పరిగెత్తుకు వస్తుంటే ఒళ్లు జలదరించింది. మొదటి రెండు తూటాలు గాలికి పోయాయి. మూడోదానికి ఒకటి పడింది. నేను అరిచిన అరుపుకి అటు గుట్ట మీది మేకలు కూడా లేచాయి. బావ కింద రాయి చాటున బోర్లా పడుకుని ఉన్నాడు, లేచి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆ చలికాలమంతా అదే నడిచింది. ఊళ్లోంచి పోయేటప్పుడు తుపాకి బావ భుజాన ఉండేది, గుట్ట కింద నా భుజానికి మారేది, తిరుగు దారిలో మళ్లీ బావ భుజానికి వెళ్లేది. మందు వాసన చేతులకి పట్టాలని బావ దారి పొడుగునా తుపాకి గొట్టాన్ని అరచేత్తో రుద్దుకుంటూ వచ్చేవాడు. అక్క ముక్కు ఆ రోజుల్లో అంత చురుగ్గా ఉండేది మరి. ఇంట్లో కథ వేరేగా ఉండేది. ఒకటి రెండు పిట్టలే వచ్చిన రోజుల్లో గురి తప్పింది బావే అనుకునేవాళ్లు కాబట్టి కట్టుబాటు ప్రకారం ఆయనకి పప్పే. నేను తప్పిన గురికి ఆయన పప్పు తింటుంటే, ఎదురుగా కూర్చుని నేను కూర తినేవాణ్ణి. "మేకులు అమ్మి అమ్మి కండ్లు పోయినయి," అని అక్క ఏడిపించేది. బావ తల వంచుకుని నవ్వేవాడు. ఒకసారి నా కుడి భుజం మీద తుపాకి వెనక్కి తన్నిన చోట నల్లగా కమిలింది అక్క కంట పడింది. కచేరిలో అల్మారా తగిలిందన్నాను. మూడు తూటాలకి మూడు పిట్టలు వచ్చిన రోజున అక్క బావ ముందు పళ్లెం పెట్టి, "మళ్ల నీ చెయ్యి నీకు అచ్చింది," అంది. ఆ రోజు బావ సరిగా తినలేకపోయాడు. నేను బాగానే తిన్నాను. శివరాత్రికి పిట్టలు జతలు కడతాయి, ఆపైన కొట్టకూడదు. అప్పటికి నా వల్ల పోయినవి ఇరవై మూడు. గుమస్తా బుద్ధి, లెక్క ఉండిపోయింది.

అక్కకి నాలుగో నెల దాటింది, ఐదోదీ దాటింది. తొలకరి వానల్లో నాందేడ్ దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. మొన్న నా పళ్లెంలో నాలుగు పిట్టలు పెట్టింది ఆ పిల్లే. పిల్లని ఎత్తుకుని ఇంటికి వచ్చిన రోజున అక్క గుమ్మంలోనే నిలబడి అత్తమ్మతో అంది, "చూస్తివా అత్తా? మీ కొడుకు బందూకు ఆపలే. నా బిడ్డ ఆగింది." అత్తమ్మ మనవరాలి మొహం చూసి ఆ మాట వినిపించుకోలేదు గానీ, ఆ తర్వాత ఎన్నడూ పిట్టల ఉసురు మాట ఎత్తలేదు. అక్క మాత్రం బతికినంతకాలం ఎత్తింది. బారసాలలో, పుట్టెంట్రుకల్లో, పెళ్లిళ్లలో, కడుపు పోయి ఏడుస్తున్న ఏ ఆడపిల్ల కనపడినా పక్కన కూర్చోబెట్టుకుని, తన మొగుడు పిట్టలు కొడుతూనే ఉన్నాడనీ, తనకి బిడ్డ నిలిచిందనీ, పాపం గీపం ఏమీ ఉండదనీ, ఎవరేమన్నా వినొద్దనీ చెప్పేది. అలా ఎందరికి ధైర్యం చెప్పిందో లెక్కలేదు. ఆ మాటలు వినపడే దూరంలో బావ ఉంటే ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోయేవాడు. నేను ఉంటే అవునన్నట్టు తల ఊపేవాణ్ణి.

తర్వాత కొద్దికాలానికి పిట్టల వేట మీద నిషేధం వచ్చింది. బావ తుపాకి పోలీసు ఠాణాలో అప్పగించి, ఇంకెప్పుడూ దాని మాట అడగలేదు. నాకు నాందేడ్ బదిలీ అయింది, పెళ్లయింది. పిల్లలు కలగలేదు.

ఇందులో దాచడానికేమీ లేదు. నాందేడ్‌లో చూపించుకున్నాం, హైదరాబాద్ పోయి చూపించుకున్నాం. లోపం నాలోనే ఉందని తేలింది. పన్నెండేళ్లప్పుడు నాకు గవదబిళ్లలు గట్టిగా వచ్చి వాపు కిందికి, వృషణాల దాకా దిగింది, అప్పుడే జరిగిపోయిందని డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. పన్నెండేళ్లప్పుడు. తుపాకి ముట్టుకోవడానికి పన్నెండేళ్ల ముందు. నేను లెక్కలు రాసే మనిషిని, తేదీల్లో ఏది ముందో ఏది వెనకో నాకు తెలుసు. ఆ సంగతి బావకి కూడా తేదీలతో సహా చెప్పాను. ఆయన అంతా విని తల ఊపాడు. ఆ ఏడాది నుంచి ప్రతి ఎండాకాలం సెలవులకి కూతుర్ని మా ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. రెండు నెలలూ ఉంచుకొమ్మనేవాడు. పిల్లకి జడలు వేయడం, అన్నం తినిపించడం, గోదావరి చూపించడం, అన్నీ మా ఆవిడ చేసేది. జూన్‌లో పిల్ల వెళ్లిపోయాక నాలుగైదు రోజులు మా ఇంట్లో ఎవరం సరిగా మాట్లాడుకునేవాళ్లం కాదు. బావది పెద్ద మనసని అక్క అనుకునేది. నాకు తెలుసు అది ఏ మనసో.

ఆయన మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం నేనొక్కణ్ణే పక్కన ఉన్నాను. "ఆ పని నేనే చేసుకోవాల్సి ఉండెరా," అన్నాడు. ఏ పనో అడగక్కర్లేదు. డాక్టర్ చెప్పింది మళ్లీ చెప్పాను. గవదబిళ్లలు, పన్నెండేళ్లు, అంతా చెప్పాను. పైకప్పు చూస్తూ, "గవదబిళ్లలు అందరికీ అయితయిరా," అన్నాడు. నాకు దుఃఖం వచ్చింది. కోపమూ వచ్చింది. తేదీలు ఇంత స్పష్టంగా ఉండగా ఈ మనిషి ఎందుకు నమ్మడు అనుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ కోపం ఆయన మీద కాదని తెలిసింది. నేను కూడా పూర్తిగా నమ్మలేదు.

బావ పోయి పదకొండేళ్లు. అక్క పోయి ఏడాది దాటింది. ఆ చలికాలం పిట్టల్ని కొట్టింది నేనని చివరిదాకా ఆమెకి తెలియదు. తెలిస్తే ఆమె గెలిచిన ఒక్క పోరూ ఓడిపోయినట్టే. కడుపులోనే పోయిన ఆ ఇద్దరి బరువూ మళ్లీ ఆమె నెత్తినే పడేది. అందుకే ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆడవాళ్లిద్దరూ మంచి స్నేహంగా ఉండేవాళ్లు, ఏ మాట ఎప్పుడు దొర్లుతుందో అని భయపడ్డాను.

దావత్ నుంచి ఆటోలో ఇంటికి వస్తుంటే మా ఆవిడ అడిగింది, "నిజంగ పండ్లకేమైంది?" అప్పుడు చెప్పేశాను. మూడు తూటాలు, బావ కిందికి దిగడం, నేను పైకి ఎక్కడం, ఆయన అన్న మాట, అన్నీ వరసగా, ఎవరో వేరే మనిషి గురించి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారే మాట్లాడింది. "ఎన్ని కొట్టినవ్?" అంది. ఇరవై మూడన్నాను. ఆటో మా గల్లీ మలుపు తిరిగింది.

"డాక్టర్ అంత జెప్పినంక గూడ నీ మనసుల గదే ఉండెనా?" అని అడిగింది.

"ఉండె," అన్నాను.

"నేను గూడ డాక్టర్ మాట నమ్మలె," అంది. "లోపం నాదే ఉన్నది, నలుగురు నన్ను అనొద్దని నువ్వు నీ మీద ఏసుకున్నవ్ అనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకున్న. పిల్లల కోసం మొక్కుకుంట మాహూర్ అమ్మవారి గుట్ట ఎన్నిసార్లు ఎక్కితినో నీకు ఎర్కనే గదా. ఒక్కసారి నాకు జెప్పి ఉంటే, ఇద్దరం కూసొని నవ్వుకుంటుంటిమి."

ఆటో ఆగింది. ఆవిడ ముందు దిగి, నా చేతికర్ర తీసుకుని, నేను దిగడానికి చెయ్యి ఇచ్చింది. చెప్పకూడనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయేదాకా ఆగుదామని నేను యాభై ఏళ్లు ఆగాను. చెప్పాల్సిన మనిషి ఆ యాభై ఏళ్లూ నా పక్కనే కూర్చుని ముసలిదైపోయింది.